మే నెల మధ్యాహ్నాన్ని చూసి ఫ్యాను కొను

పాపకు మామ ఆశీస్సులు.

నువ్వు చెన్నైలో ఉద్యోగం మానేసి వచ్చి, తిరుపతి కొర్లగుంటలో మిద్దె పైన గది అద్దెకు తీసుకున్నావని, ఆరు కంప్యూటర్లు పెట్టి పెళ్లి వీడియోల ఎడిటింగు మొదలుపెడతా ఉన్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చెప్తా ఉంటే అక్క గొంతులో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఫోను పెట్టేశాక నువ్వు కొనబోయే సామాన్ల లిస్టు వాట్సాప్‌లో పంపించి, "నువ్వొకసారి చూడ్రా, తర్వాత బాధపడే పని లేకుండా" అని రాసింది.

చూశాను. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ అన్నీ పని తెలిసిన మనిషి ఎంచుకున్నట్టే ఉన్నాయి. ఎవరిని అడిగి రాశావో నాకు తెలియదు గానీ, సొంతంగా రాసి ఉంటే మాత్రం నా అంగడికి వచ్చే ఇంజనీరింగు పిల్లలకు నిన్ను చూపించి చెప్పాలి. చదువుతా ఉంటే నాకు గర్వంగా అనిపించింది. మీ ఇంట్లో మీ నాయన తర్వాత సొంతంగా అంగడి తెరుస్తా ఉండేది నువ్వే.

అయితే లిస్టు చివర్లో ఒక వరస ఉంది చూడు, "రంగు లైట్ల ఫ్యాన్లు 18, ఒక్కోటి 280" అని, కంప్యూటర్ల లోపల వేడి పోవడానికి బిగించేవి, నా మనసు ఆడ ఆగిపోయింది. లక్షల రూపాయల లిస్టులో అన్నిటికన్నా తక్కువ ఆలోచించి రాసిన వరస అదే. ఫోన్లో చెప్తే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువు.

తెలిసిన మాటలు ముందు చెప్పేస్తా. క్యాబినెట్టుకు, అంటే కంప్యూటరు డబ్బాకు, ఏ సైజు పడుతుందో కొలిచి కొను, నీవి 120 మిల్లీమీటర్లవే. ముందువైపు నించి గాలి లోపలికి రావాలి, వెనకవైపు నించి బయటికి పోవాలి. ఫ్యానుకు స్టిక్కరు, అడ్డ కమ్మీలు ఉండే వైపు నించి గాలి బయటికి వస్తుంది, బిగించే ముందు అది చూసుకో. లోపలికి తెచ్చేవి రెండు, బయటికి పంపేది ఒకటి పెట్టుకుంటే క్యాబినెట్టు సందుల్లోంచి దుమ్ము పీల్చదు, గాలంతా ముందుండే దుమ్ముజాలీ గుండానే వస్తుంది. నువ్వు మిషనుకు మూడు అని రాసింది సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మీ నాయన నీకు ఇది చెప్పి ఉండడు. నేను చెప్పానని తెలిస్తే కొన్నాళ్లు నాతో మాట్లాడడేమో కూడా. అయినా ఆరు మిషన్లు కొనబోయే బిడ్డకు ఇది తెలియకుండా ఉండకూడదు.

2004లో మీ నాయన యూనివర్సిటీ రోడ్డులో ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. నువ్వప్పుడు పలక వదిలి నోటుబుక్కు పట్టిన వయసు, సాయంత్రం బడి నించి వచ్చి ఆడే ఒక స్టూలు మీద కూర్చునేదానివి. పది మిషన్లు, అన్నీ పెంటియం 4లు. ఆ చిప్పులు బాగా వేడెక్కే రకం. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో మిషన్లు, ప్లైవుడ్ క్యాబిన్లు, ఏసీ, యూపీఎస్సు కొనేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. మిగిలిన ఖర్చు ఫ్యాన్లదొక్కటే. మద్రాసులో ఒక అంగడివాడు మార్కెట్టు ధర కన్నా ఫ్యానుకు నలభై రూపాయలు తగ్గించి ఇస్తానన్నాడు. వెనకాల స్టిక్కరు మీద బాల్ బేరింగ్ అని, అంటే ఇరుసు చిన్న ఉక్కు గుండ్ల మీద తిరిగే రకమని, అచ్చు వేసి ఉంది. మీ నాయన అట్టపెట్టెతో సహా ఇరవై ఫ్యాన్లు తెచ్చేశాడు. ఒక్కటీ తిప్పి చూడలేదు, చెవి కాడ పెట్టుకుని వినలేదు.

బిగించింది కార్తీక మాసంలో. చల్లటి గాలి, కొత్త ఫ్యాన్లు. "చూడు బావా, శబ్దమే లేదు" అని నన్ను పిలిచి చూపించాడు. నిజంగానే లేదు. లోపల ఉండింది బాల్ బేరింగు కాదు, స్లీవ్ బేరింగు. స్లీవ్ బేరింగు కొత్తలో బాల్ బేరింగు కన్నా నిశ్శబ్దంగా తిరుగుతుంది, దాని గుణమే అది. ఉత్త ఇత్తడి గొట్టంలో ఇరుసు తిరుగుతుంది, మధ్యలో రవంత నూనె. ఎద్దులబండి ఇరుసుకు కందెన ఉన్నన్నాళ్లు బండి ఎట్లా నడుస్తుందో ఇదీ అంతే. కందెన ఎండిందంటే ఇనుము ఇనుమును తింటుంది.

దానికి తోడు, పిల్లకాయలు ఊరికే రీసెట్ బటను నొక్కుతున్నారని మిషన్లన్నిటినీ బల్ల కింద ప్లైవుడ్ పెట్టెల్లో పెట్టి తలుపులు బిగించాడు. వైర్లు పోవడానికి వెనకాల చెయ్యి పట్టేంత కంత. ఫ్యాను బయటికి తోసిన వేడి గాలి పోయే తావు లేక ఆ పెట్టెలోనే తిరిగి, మళ్లీ ముందు నించి లోపలికే పోయేది. చలికాలంలో అది ఎవరికీ తెలియలేదు.

శివరాత్రి దాటింది. ఉగాదికి పొద్దున్నే మిషన్లు ఆన్ చేస్తే గుర్రుమని ఒక శబ్దం, కాసేపటికి సర్దుకునేది. మీ నాయన మీ అమ్మ కుట్టుమిషను నూనె తెచ్చి స్టిక్కరు లేపి ఒక్కో చుక్క వేశాడు. వారం పాటు శబ్దం పోయింది. తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ వేశాడు. పల్చటి నూనె వేడికి తొందరగా ఆరిపోతుంది, మిగిలింది దుమ్ముతో కలిసి నల్లటి జిగురై పేరుకుంటుంది. శబ్దం ఆగింది కాబట్టి జబ్బు నయమైందని అనుకున్నాడు.

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు ఇంకా ఎండలు తగ్గలేదు. సెంటరు ముందు రోడ్డు దాకా జనం. మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్సు మీద మిషన్లు నడుస్తున్నాయి, ఏసీ లేదు, గదిలో మనుషులు ఒకరి మీద ఒకరు. ముందు మిషన్లు నెమ్మదించాయి. పెంటియం 4 బాగా వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా మొత్తం ఆగిపోతుంది. మీ నాయన నెట్ స్లో అనుకుని మోడెం ఆపి ఆన్ చేస్తా ఉన్నాడు. అంతలో ఒక స్క్రీను నల్లబడింది. ఆ పక్కది. తర్వాత మూలదీ. నాకు ఫోను చేస్తే పరిగెత్తుకుని వెళ్లాను. పెట్టె తలుపు తీస్తే ముఖానికి సెగ కొట్టింది. ఫ్యాను రెక్కను వేలితో తోస్తే రెండు చుట్లు తిరిగి ఆగింది. ఇరుసు చుట్టూ నల్లటి జిగురు.

ఒకాయన పాకాల వైపు నించి కూతుర్ని తీసుకుని వచ్చి ఉన్నాడు. హాల్ టికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేత్తో పట్టుకుని, "అయ్యా, మా బిడ్డది ఒక్కటి చూడు" అని అడుగుతా ఉన్నాడు. మీ నాయన గల్లాపెట్టె తెరిచి అందరి డబ్బులూ తిరిగి ఇచ్చేశాడు. ఆ తండ్రీబిడ్డల్ని స్కూటరు మీద ఎక్కించుకుని లీలామహల్ కాడ ఇంకొకరి సెంటరుకు తీసుకుపోయి, వరసలో నిలబడి ర్యాంకు చూపించి, బస్టాండులో దించి వచ్చాడు. వచ్చి పెట్టెల తలుపులన్నీ ఊడదీసి మిద్దె మీద పడేశాడు.

కానీ మాట పాకింది. "ఆడ మిషన్లు ఆగిపోతాయంట" అని. ఆ పై సంవత్సరం సెంటరు మూసేశాడు. మీ అమ్మ గాజులు కుదవ నించి బయటికి రావడానికి చాలా కాలం పట్టింది, అది నీకూ గుర్తుంటుంది. ఆ ఇరవై ఫ్యాన్ల మీద ఆయన మిగుల్చుకున్నది ఎనిమిది వందల రూపాయలు.

పాపా, మీ నాయన తెలివి తక్కువవాడు కాదు. ప్రతి పైసాకూ లెక్క రాసిన మనిషి. ఆయన చూసుకున్నది కార్తీక మాసపు ఫ్యానును, మే నెల ఫ్యానును కాదు. నీ లిస్టులో 280 రూపాయలు చూసినప్పుడు నాకు ఆ మధ్యాహ్నమే కళ్ల ముందుకొచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కాబట్టి ఫ్యాను కొనేటప్పుడు మొదట అడగాల్సింది బేరింగు సంగతి. గాలి ఎంత తోస్తుంది, లైటు ఎట్లా వెలుగుతుంది అనేవి తర్వాత. స్లీవ్ బేరింగు చవక, వేడికి తట్టుకోలేదు, క్యాబినెట్టు పైకప్పులో పడుకోబెట్టి బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. రైఫిల్ బేరింగు అంటే ఆ గొట్టంలోనే మెలికల గాడి పెట్టి నూనె మళ్లీ పైకి వచ్చేట్టు చేసింది, కొంచెం మేలు. రెండు బాల్ బేరింగులు ఉన్నది వేడికి, దుమ్ముకు, ఏ వైపు తిప్పి పెట్టినా తట్టుకుంటుంది గానీ సన్నగా గరగరమంటుంది. ఫ్లూయిడ్ డైనమిక్ అనేది నూనెను లోపలే మూసి, తిరిగేటప్పుడు ఆ నూనె ఒత్తిడి మీదే ఇరుసు తేలేట్టు చేసింది. మంచి కంపెనీది అయితే నిశ్శబ్దమూ ఉంటుంది, మన్నికా ఉంటుంది. నువ్వు ఆ గదిలోనే మాటలూ పాటలూ సరిచూసుకోవాలి కాబట్టి నీకు ఇదే కావాలి. అట్టపెట్టె మీద "హైడ్రాలిక్" అని మాత్రం రాసి ఇంకేమీ చెప్పకపోతే, అది స్లీవ్‌కే పెట్టిన పెద్ద పేరని అనుకుని ముందుకు పో.

తర్వాత గంటల లెక్క. పెట్టె మీద యాభై వేల గంటలు, లక్షన్నర గంటలు అని రాసి ఉంటాయి. ఏడాదికి గంటలు 8,760. లక్షన్నర గంటలంటే పదిహేడేళ్లు. చదివి మురిసిపోవద్దు. ఆ గంటలు ఎంత వేడిలో లెక్కపెట్టారో చూడు. 25 డిగ్రీల కాడ లెక్కపెట్టిందీ 40 డిగ్రీల కాడ లెక్కపెట్టిందీ ఒకటి కాదు. నూనె మీద తిరిగే బేరింగుకు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఈ పనిలో ఉండేవాళ్లు వాడే మోటు లెక్క. ఇంకొకటి, ఎల్10 అనే అంకె ఉందేమో వెతుకు. ఒక గుంపు ఫ్యాన్లలో పదింట ఒకటి ఆగిపోవడానికి పట్టే గంటలు అవి. ఎంటీటీఎఫ్ అని రాసేది సగటు లెక్క, అదే ఫ్యానుకు అది చాలా పెద్దగా కనబడుతుంది. ఎల్10 నలభై వేల గంటలు అనుకో. రాత్రీ పగలూ రెండరింగు (ఎడిట్ చేసిన వీడియోను మిషను చివరి ఫైలుగా తయారుచెయ్యడం) పెట్టి నడిపితే నాలుగున్నరేళ్లకు నీ పద్దెనిమిదిలో ఒకటో రెండో ఆగి ఉంటాయని అర్థం. ఒక్క మిషను ఉన్నవాడికి సగటు చాలు. ఆరు మిషన్లు ఉన్నదానివి నువ్వు, మొదట ఆగేది ఎప్పుడు ఆగుతుందనేదే నీకు ముఖ్యం.

గాలి సంగతి. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. పెట్టె మీద రాసేది ముందు ఏ అడ్డమూ లేకుండా కొలిచింది. నీ క్యాబినెట్టులో ముందు దుమ్ముజాలీ ఉంది, లోపల వైర్లు ఉన్నాయి. అడ్డం ఉన్నా గాలిని నెట్టే బలాన్ని స్టాటిక్ ప్రెషర్ అంటారు, నీళ్ల మిల్లీమీటర్లలో రాస్తారు. జాలీ వెనకాల బిగించే ఫ్యానుకు అది రెండు దాటి ఉంటే మంచిది. మోటు లెక్క ఒకటి చెప్తా, రాసి పెట్టుకో: మిషను 300 వాట్లు తింటా ఉందనుకో, 60 సీఎఫ్ఎం గాలి నిజంగా దాని గుండా పారితే, బయటికొచ్చే గాలి లోపలికి పోయిన గాలి కన్నా సుమారు తొమ్మిది డిగ్రీలు వేడిగా ఉంటుంది. గాలి రెట్టింపు చేస్తే ఆ తొమ్మిది నాలుగున్నర అవుతుంది. ఆ నాలుగున్నర డిగ్రీల కోసం శబ్దం ఎంత పెరుగుతుందో చూసుకో. వేగం సగానికి తగ్గిస్తే పదిహేను డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, పెంచితే అట్లాగే పెరుగుతుంది. ఒక మోతాదు దాటాక గాలి కోసం డబ్బు పోయొద్దు.

దీనిలో నువ్వు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఏ ఫ్యానూ గది కన్నా చల్లగా చెయ్యలేదు. మేలో తిరుపతిలో 41, 42 మామూలు. గది 41 ఉంటే వెనక ఫ్యాను మీద పడే గాలి 50. ముందు ఫ్యాన్లు గది గాలి పీలుస్తాయి, వెనక ఫ్యాను మిషను వేడంతా తాగుతుంది. కాబట్టి డబ్బు అందరికీ సమానంగా పంచొద్దు. ముందు రెండూ మధ్యరకం పెట్టు, వెనకది అన్నిటికన్నా మంచిది పెట్టు.

ధరలు చెప్తా. మధ్యరకంలో ఆర్కిటిక్ పీ12 లాంటిది చూడు. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు, నిమిషానికి 1800 చుట్ల దాకా తిరుగుతుంది, 56 సీఎఫ్ఎం, ప్రెషరు 2.2. దొరికే ధరకు ఇంతకన్నా ఎక్కువ ఆశించలేం. ఒకటే మాట, తొమ్మిది వందలు, వెయ్యి చుట్ల దగ్గర సన్నగా ఒక రాగం తీస్తుంది, ఆ వేగం కాడ నిలవకుండా సెట్ చేసుకో. పై రకంలో ఆస్ట్రియా కంపెనీ నోక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 ఉంది, 2018లో వచ్చింది, ఆరేళ్ల వారంటీ. రెక్క కొసకూ చట్రానికీ మధ్య అర మిల్లీమీటరు సందు మాత్రమే. మామూలు ప్లాస్టిక్ వేడికి, ఏళ్లకు సాగుతుంది, సాగితే చట్రానికి రాసుకుంటుంది. అందుకే వాళ్లు సాగని వేరే ప్లాస్టిక్ వాడారు. ఆ ఒక్కదాని ధరకు మధ్యరకం మూడు నాలుగు వస్తాయి. పద్దెనిమిదీ అవే కొనమని నేను చెప్పను, అంత అవసరం లేదు. ఆరు మిషన్ల వెనకాల ఆరు పెట్టుకోగలిగితే పెట్టుకో, లేకపోతే వెనకాల కూడా మధ్యరకమే పెట్టి, రెండు ఎక్కువ కొని బీరువాలో ఉంచు. దానికీ నేను ఒప్పుకుంటా. 280 రూపాయలదానికి మాత్రం ఒప్పుకోను.

"మామా, ఎనిమిది వేలో పది వేలో జాస్తి అవుతుంది కదా" అంటావు. అవుతుంది. శ్రావణ మాసంలో ముహూర్తాలు ఉంటాయి, ఒక పెళ్లివాళ్లకు చెప్పిన రోజుకు వీడియో ఇవ్వలేదనుకో, వాళ్లు ఇచ్చే డబ్బు తగ్గుతుంది, వాళ్ల చుట్టాల్లో నీకు రావాల్సిన నాలుగు పెళ్లిళ్లు పోతాయి. ఆ లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడు. లైట్లు కావాలంటే క్యాబినెట్టులో ఒక లైటు పట్టీ అతికించుకో, నేనే తెచ్చి అతికిస్తా.

ఆ రంగు లైట్ల ఫ్యాన్లలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. చాలావాటికి సొంత ప్లగ్గు, ఆ ప్లగ్గులన్నీ కలిపే సొంత హబ్బు. కొన్ని నేరుగా పవర్ సప్లై వైరుకు తగిలిస్తారు. అప్పుడు అవి ఎప్పుడూ నిండు వేగంతో తిరుగుతాయి, ఆగిపోయినా మిషను భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డుకు తెలియదు. ఫ్యాను ఆగడం పెద్ద ప్రమాదం కాదు పాపా, ఆగిందని నీకు తెలియకపోవడం ప్రమాదం. నాలుగు పిన్నుల ఫ్యాను కొను. ఒక పిన్ను మీద వేగం తగ్గించమనీ పెంచమనీ బోర్డు చెప్తుంది, ఇంకో పిన్ను మీద ఎన్ని చుట్లు తిరుగుతున్నానో ఫ్యాను చెప్తుంది. మిషను సొంత సెట్టింగులుండే బయాస్‌లోకి పోయి ఫ్యాను ఫెయిల్ హెచ్చరిక ఆన్ చెయ్యి. రెండు ఫ్యాన్లను ఒక ప్లగ్గును రెండుగా చీల్చే వై వైరుతో ఒకే చోట కలిపితే బోర్డుకు ఒకదాని చుట్లే కనబడతాయి, రెండోది చచ్చినా తెలియదు. కాబట్టి వెనక ఫ్యానుకు ఎప్పుడూ విడిగా సొంత ప్లగ్గు ఇవ్వు. ముందు రెండూ కలుపుకుంటే కలుపుకో.

ఇక గది. మిద్దె పైన గది అని విని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. స్లాబు సాయంత్రం ఏడు దాకా సెగ కక్కుతా ఉంటుంది. ఆరు మిషన్లు 300 వాట్ల చొప్పున 1,800 వాట్ల వేడి గదిలోకి వదుల్తాయి. ఫ్యాన్లు ఆ వేడిని మాయం చెయ్యవు, క్యాబినెట్టు లోంచి గదిలోకి తోస్తాయి, అంతే. ఒక టన్ను ఏసీ 3,500 వాట్ల వేడిని బయటికి లాగుతుంది. మిషన్లు, మనుషులు, పైన స్లాబు కలిపితే నీకు ఒకటిన్నర టన్ను కావాలి. పడమటి కిటికీ ఉంటే దానికి తెర కట్టు, స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించు, ఇంటివాళ్లను అడిగి చేయించు. కరెంటు పోయి ఏసీ ఆగితే యూపీఎస్సు ఉంది కదా అని రెండరింగు నడపొద్దు. సేవ్ చేసి ఆపు. ఇది నేను అడుక్కుంటా ఉండే మాట అనుకో. మిషన్లను బల్ల కింద పెట్టెల్లో మాత్రం పెట్టొద్దు.

దుమ్ము గురించి నీకు ఎవరూ చెప్పని మాట చెప్తా. మనూళ్లో ప్రతి అంగడిలో పొద్దున్నే అగరొత్తులు, సాంబ్రాణి వేస్తారు. నువ్వూ వేస్తావు, వెయ్యి, స్వామి ఊరు కదా. కానీ ఆ పొగలో ఉండే జిడ్డు ఫ్యాను రెక్కల అంచుకు, జాలీకి అతుక్కుంటుంది, దాని మీద రోడ్డు దుమ్ము గట్టిగా పట్టేస్తుంది. ఊదితే పోదు, గోటితో గీకితే నల్లటి పొరగా లేస్తుంది. పూజ మిషన్లకు దూరంగా తలుపు కాడ చెయ్యి. నెలకొకసారి జాలీలు విప్పి సబ్బునీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టు. బ్లోయరుతో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకో. ఊరికే ఊదితే అది ఎన్నడూ తిరగనంత వేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

పవర్ సప్లై డబ్బాలో ఫ్యాను శబ్దం చేస్తే నువ్వు దాన్ని విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. చిన్నప్పుడు మిక్సీ విప్పి చెయ్యి జలదరించుకున్న మనిషివి నువ్వు, నాకు గుర్తుంది. ఆ డబ్బా నాకు పంపించు, నేను చూస్తా.

కొనేటప్పుడు ఎట్లా చూడాలో చెప్తా. అంగడిలోనే పెట్టె తెరవమను. రెక్కను వేలితో మెల్లిగా తిప్పు, అది నెమ్మదించి నెమ్మదించి ఆగాలి, టక్కున ఆగకూడదు. మధ్య బొడుపును పట్టుకుని అటూ ఇటూ కదిలించు, లొటలొటలాడకూడదు. పన్నెండు వోల్టుల అడాప్టరుకు తగిలించి చెవి కాడ పెట్టుకుని విను, నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి. రెండుసార్లూ ఒకే శబ్దం రావాలి. ఐదు వోల్టుల మీద కూడా పెట్టి చూడు, చెయ్యి తగిలించకుండా తనంతట తాను తిరగడం మొదలుపెట్టాలి. అరిగిన ఫ్యాను తోస్తే తిరుగుతుంది, తనంతట తాను లేవదు. బిల్లు నీ పేరు మీద జీఎస్టీ నంబరుతో తీసుకో. ఆన్‌లైన్లో వంద రూపాయలు తగ్గినా, మొదటి సెట్టు తిరుపతిలోనే కొను, తేడా వస్తే చేతికిచ్చి చేతికి మార్చుకుంటావు.

ఈ పని నీకు నాకన్నా బాగా చేసిపెట్టే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి జరిగిన తర్వాత మీ నాయన నా అంగడికి వచ్చినప్పుడల్లా టేబులు మీద ఉండే ఫ్యాన్లను ఒక్కొక్కటే తీసుకుని తిప్పి వినేవాడు. ఎవరూ అడగలేదు, తనే. ఇప్పుడు ఆయన కళ్లు మూసుకుని విని "దీంట్లో నూనె అయిపోతోంది" అంటే అది అయిపోతోందనే. నేను మీటరు పెట్టి చూసేలోపల ఆయన చెప్పేస్తాడు. నువ్వు పోయి "నాయనా, ఫ్యాన్లు కొనడానికి నాతో రా" అని అడుగు. ఈ ఉత్తరం సంగతి చెప్పొద్దు, సాయానికి రమ్మని మాత్రం అడుగు. వస్తాడు.

ఆ లిస్టులో 18 కొట్టేసి 20 అని రాయి, లైట్లు తీసెయ్. గది కొలతలు, కిటికీ ఏ వైపుందో నాకు ఫోటో తీసి పంపు. ఆదివారం పొద్దున నేను అంగడి తెరిచి ఉంటా, మీ నాయనతో కలిసి పది గంటలకల్లా రా. అడాప్టర్లు రెండూ నా దగ్గరే ఉన్నాయి.

మీ మామ